మేనకోడలి దయ్యాల ఆట

మొన్న సోమవారం తెనాలిలో ఎముకల డాక్టరు గారు నా కుడిచేతి చూపుడువేలు పట్టుకుని అటూ ఇటూ వంచి చూసి, "దీన్నేం చేశారండి?" అని అడిగారు. నేను నిజం చెప్పలేదు. అరవై ఏడేళ్ళ మనిషిని, పాతికేళ్ళకి పైగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినదాన్ని, మోకాళ్ళ నొప్పులకి ఆయన దగ్గరే ఆరేళ్ళుగా మందులు వాడుతున్నదాన్ని, దయ్యాల్ని కాల్చీ కాల్చీ వేలు వాచిందండీ అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? "టైపు కొట్టీ కొట్టీ" అన్నాను. "ఈ రోజుల్లో ఇంకా టైపు ఎవరు కొడుతున్నారండి" అని ఆయన నవ్వి, ఓ గొట్టం మందు రాసి పంపించేశారు. ఇంటికొచ్చి వరండాలో కూర్చుని ఆ మందు రాసుకుంటుంటే రెండు ఆదివారాల సంగతి మొత్తం గుర్తొచ్చి మళ్ళీ చిర్రెత్తింది. ఎవరికైనా చెప్పుకుంటే తప్ప తగ్గేలా లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ముందు మా మేనకోడలి గురించి చెప్పాలి. మా తమ్ముడికి ఒక్కగానొక్క కూతురు. తమ్ముడు రేపల్లెలో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాడు. మరదలు పోయాక ఇంట్లో వాళ్ళిద్దరే మిగిలారు. పిల్ల బాపట్లలో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేది, శనివారం సాయంత్రం బస్సెక్కి రేపల్లె వచ్చేది, తండ్రీ కూతుళ్ళు ఆదివారమంతా ఏదో ఒకదాని మీద వాదించుకుని సోమవారం పొద్దున్న హాయిగా విడిపోయేవాళ్ళు. అలాంటి పిల్ల కిందటి ఏడాది ఉన్నట్టుండి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఇద్దరు స్నేహితులతో కలిసి కంప్యూటర్లో ఆడే ఆట తయారుచేస్తానంది. ఏం ఆటే అని అడిగితే దయ్యాల ఆట అంది. తమ్ముడు ఆ రోజే కూతురితో మాట్లాడటం మానేశాడు. మానేశాడంటే పూర్తిగా మానలేదు, నా ద్వారా మాట్లాడటం మొదలుపెట్టాడు. "అది వేళకి తింటోందా కనుక్కో" అని రేపల్లె నుంచి నాకు ఫోను వస్తుంది. నేను బాపట్లకి ఫోను చెయ్యాలి. "తింటున్నానని చెప్పు, నాన్నని బీపీ మాత్ర మానొద్దని చెప్పు" అని అది నాకు చెబుతుంది. నేను మళ్ళీ రేపల్లెకి చెయ్యాలి. రేపల్లె నుంచి బాపట్లకి తిన్నగా బస్సుంది, ఆ దారిలో తెనాలి రానే రాదు. వాళ్ళ మాటలు మాత్రం పది నెలల పాటు తెనాలి మీదుగానే తిరిగాయి. పొయ్యి మీద కూర మాడిన ప్రతిసారీ కారణం ఆ ఇద్దరిలో ఎవరో ఒకరే.

ఈ ఎండాకాలంలో కాలేజీవాళ్ళు కబురు పెట్టారు, జూన్లో చేరితే పాత ఉద్యోగమే ఇస్తామని. ఇంకేముంది, తమ్ముడి ఫోను. "అక్కయ్యా, దాని ఆటేదో ఓ కొలిక్కి వచ్చిందట కదా. నువ్వెళ్ళి ఆడి చూడు. ఇది చెయ్యదగ్గ పనే అని నువ్వంటే నేనింక నోరెత్తను. కాదంటే అది బుద్ధిగా జూన్లో కాలేజీలో చేరాలి. నీ మాటే ఆఖరు." నేను ఏదో అనబోయేలోపే పెట్టేశాడు. పావుగంటకి మేనకోడలు చేసింది. "నాన్న అన్నది నాకూ ఇష్టమే అత్తయ్యా. నువ్వు అబద్ధం చెప్పవు కదా." నాకు ఒళ్ళు మండింది. పది నెలలుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరూ ఈ ఒక్క విషయంలో ఎలా ఒక్కటయ్యారో చూడండి. నన్ను అడగనైనా అడక్కుండా తీర్పరిని చేసి కూర్చోబెట్టారు. నేను అష్టాచెమ్మా ఆడి ముప్పై ఏళ్ళయింది, అది కూడా సరిగ్గా ఆడలేదు. ఒక పిల్ల బతుకుతెరువేంటో తేల్చాల్సిన పని నా నెత్తిన పడింది.

సరే, ఆదివారం పొద్దున్నే తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగాను. మేనకోడలు స్టేషనుకొచ్చి స్కూటరు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళింది. ఆటోలో వెళ్దామే అంటే, దగ్గరే అత్తయ్యా అంది. దగ్గరే గానీ గది మేడ మీద. ఇరవై రెండు మెట్లు. మెట్టుకో మాట అనుకుంటూ ఎక్కాను. బయట ఎండ పేలిపోతోంది, లోపల కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేసుకున్నారు. కూలర్ ఉంది, ఆపేశారు. ఎందుకాపారే అంటే, దాని మోతలో ఆట శబ్దాలు సరిగ్గా వినపడవట. ఆ శబ్దాలన్నీ చేసే అమ్మాయి, ఆ ఇద్దరు స్నేహితుల్లో ఒకతి, అక్కడే కూర్చుని ఉంది. ఈపురుపాలెం పిల్ల, వాళ్ళింట్లో మగ్గాలున్నాయి. నన్ను చూడగానే లేచి, "కూర్చోండి పెద్దమ్మగారూ, ముంజలు తెచ్చానండి, తినండి" అని స్టీలు గిన్నె చేతికిచ్చింది. ఆ గదిలో నాకు నచ్చిన మొదటి సంగతీ, చాలాసేపటివరకూ ఆఖరి సంగతీ ఆ ముంజలే.

వాళ్ళు నాకు చూపించబోయేదాన్ని డెమో అంటారు. బట్టల కొట్లో తాను మొత్తం విప్పకుండా ఓ ముక్క చూపిస్తారు చూడండి, అలాంటిది. మొత్తం ఆటలో ఇరవై నిమిషాల ముక్క. రెండు వారాల్లో దాన్ని ప్రపంచంలో ఎవరైనా తీసుకుని ఆడుకునేలా ఊరికే ఇచ్చేస్తారట. జనానికి నచ్చితే మిగతా ఆట తయారుచేసే దారి దొరుకుతుంది, నచ్చకపోతే అంతటితో సరి. ఎప్పుడూ ఆడనివాళ్ళకి మొదటిసారి ఎలా అనిపిస్తుందో ఆడేవాళ్ళు చెప్పలేరు కాబట్టి నాలాంటివాళ్ళే కావాలట. చేతికి ఓ కాగితం ఇచ్చారు. భయం వేసిందా, ఎక్కడ వేసింది, ఎక్కడ విసుగొచ్చింది అని ప్రశ్నలు. అప్పటికింకా ఆట మొదలవలేదు, విసుగు దగ్గర "మెట్లు" అని రాశాను. తరువాత నా చెవులకి రెండు డిప్పలు తగిలించారు. కళ్ళజోడు కాడలు వాటి కింద నలిగి కణతలు నొప్పి పుట్టాయి. ఇంతా చేసి తెర మీద ఏముందయ్యా అంటే చీకటి, చీకట్లో ఓ పొడవాటి వరండా, ఆ వరండాలో నా చెయ్యట, ఆ చేతిలో తుపాకీ.

"ఏ, ఎస్, డి, డబ్ల్యూ. ఈ నాలుగు మీటలతో నడవాలి అత్తయ్యా" అంది మేనకోడలు. నాకు ప్రాణం లేచొచ్చింది. మీటలంటే నాకు భయమేంటి, మూడు వేల మందికి నేర్పినదాన్ని. చిటికెనవేలు ఏ మీద, ఉంగరపువేలు ఎస్ మీద, మధ్యవేలు డి మీద పెట్టి, వీపు నిటారుగా ఉంచి కూర్చున్నాను. అది నా చెయ్యి పట్టుకుని వేళ్ళన్నీ ఓ మీట పక్కకి జరిపింది. ఉంగరపువేలు ఏ మీద, మధ్యవేలు డబ్ల్యూ మీదట. నేను ఒప్పుకోలేదు. డబ్ల్యూ ఉంగరపువేలిది. అది నేను పెట్టిన రూలు కాదు, మిషను పుట్టినప్పటి నుంచీ ఉన్నది. మధ్యవేలితో డబ్ల్యూ కొట్టినవాణ్ణి నేను లోయరు పరీక్షకి కూడా పంపేదాన్ని కాదు. "ఇది టైపు కాదు అత్తయ్యా" అని అది, "మీట మీటే కదే" అని నేను. ఆ వాదన అలా సాగుతుండగానే వరండా చివర్నుంచి నల్లగా ఏదో వచ్చి నన్ను మింగేసింది. తెర ఎర్రబడింది. ఆట మొదలైన పదకొండో క్షణంలో చచ్చిపోయాను.

ఆ తరువాత ఎన్నిసార్లు చచ్చానో మొదట్లో లెక్కపెట్టి, తరువాత మానేశాను. ఆ ఆట మనిషిని గుక్క తిప్పుకోనివ్వదు. దయ్యమంటే ఓ పద్ధతి ఉండాలి కదండీ. తలుపు కిర్రుమనాలి, దీపం రెపరెపలాడాలి, గజ్జెల చప్పుడు ఎక్కడో దూరంగా వినపడాలి, మనకి గొంతు తడారిపోవడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి. ఈ దయ్యాలకి అంత తీరిక లేదు. రైలు తలుపు దగ్గర జనం ఎగబడినట్టు ఒకదాని మీద ఒకటి పడుతూ వస్తాయి. కాల్చాలి, కాలుస్తూ పరిగెత్తాలి, పరిగెడుతూ తుపాకీలో గుళ్ళు నింపుకోవాలి. ఆగితే చావు. కుడిచేతి చూపుడువేలితో మౌస్ అనే ఆ ఎలకని నొక్కీ నొక్కీ నా వేలు ఆ గంటలోనే తిమ్మిరెక్కిపోయింది. భయం ఎక్కడ వేసింది అన్న ప్రశ్న దగ్గర "వెయ్యడానికి టైము ఏదీ" అని రాశాను. ఈపురుపాలెం అమ్మాయి అది చదివి తలూపి, తన పుస్తకంలో ఎక్కించుకుంది. పాపం, వెటకారమని తెలియలేదు.

వరండా మాత్రం దాటలేకపోతున్నాను. ప్రతిసారీ ఒకే చోట, సగం దూరం వెళ్ళాక, చచ్చిపోతున్నాను. మేనకోడలు వెనక నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. ఎనభై మంది చేత ఆడించి చూశారట, అక్కడ ఎవరూ అలా ఆగిపోలేదట. ఈపురుపాలెం అమ్మాయి లేచొచ్చి తెర చూడకుండా నా చేతులే చూస్తూ నిలబడింది. మళ్ళీ ఆడాను, మళ్ళీ చచ్చాను. అప్పుడా పిల్ల నెమ్మదిగా, "పెద్దమ్మగారూ, బెల్లు వినపడగానే రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంటున్నారండి, ఎందుకండి?" అంది. నేనా అన్నాను. నాకసలు తెలియనే తెలియదు. వరండా మధ్యలో ఎక్కడో ఓ గంట మోగుతుంది. దయ్యాలు గుంపుగా వస్తున్నాయి, జాగ్రత్తపడమని దాని అర్థం. అది మోగగానే నా చేతులు వాటంతటవే మీటల మీద నుంచి లేచి ఒళ్ళోకి వచ్చేస్తున్నాయి. నేను చేతులు కట్టుకుని కూర్చుంటే దయ్యాలు తీరుబడిగా వచ్చి తినేసి పోతున్నాయి.

కారణం మీకు చెబుతాను. టైపు పరీక్షలో బెల్లు కొట్టాక ఒక్క అక్షరం కూడా పడకూడదు. మాట మధ్యలో ఉన్నా సరే, చేతులు తీసెయ్యాలి. నా ఇన్‌స్టిట్యూట్‌లో అది పరీక్ష రోజుకే కాదు, రోజూ ఉన్న నియమం. గంట పూర్తయ్యేసరికి నేను ఇత్తడి బెల్లు కొట్టేదాన్ని. ఆ తరువాత ఏ మూల టక్కుమన్నా వెళ్ళి ఆ కాగితం లాగి చించేసేదాన్ని. పిల్లలకి చెయ్యమన్నది నేను చెయ్యకపోతే ఎలా, నేను ఏ ఉత్తరం టైపు చేస్తున్నా బెల్లుకి చేతులు తీసేసేదాన్ని. ఆ అలవాటు నాలో ఇంకా ఉందని నాకే తెలియదు. ఇన్‌స్టిట్యూట్ మూసేసి పదిహేనేళ్ళు దాటింది. ఇది చెబుతుంటే మేనకోడలు నా మొహంలోకి చూడకుండా కిటికీకి కట్టిన దుప్పటి సర్దడం మొదలుపెట్టింది. నాకప్పుడే అనుమానం రావాల్సింది.

బెల్లు మోగినా చేతులు తియ్యకుండా ఉండటానికి మరో అయిదు చావులు పట్టింది. చివరికి వరండా దాటాను. దాటగానే ఓ పెద్ద గది. బల్లలు వరసలుగా ఉన్నాయి, ప్రతి బల్ల మీదా నల్ల రెక్సిన్ ముసుగు వేసిన ఏదో ఒకటి ముడుచుకుని కూర్చుని ఉంది. అటు తిరిగితే ఆ ముసుగు లేచి మీదికి వస్తుంది, కాలిస్తే కింద మామూలు టైపు మిషను ఉంటుంది. బాగానే చేశారు అనుకున్నాను మొదటిసారిగా. నాలుగైదు ముసుగుల్ని కాల్చాను. రెండో వరసలో చివరి మిషను మీద టార్చిలైటు పడింది. కె అక్షరం మీట ఊడిపోయిన చోట తెల్లటి చొక్కా గుండీ అంటించి ఉంది. నా చెయ్యి ఆగిపోయింది. ఆ గుండీ నేను అంటించాను. ఏడో నంబరు మిషనుకి. మరమ్మతు చేసేవాడు నెల్లాళ్ళు రాకపోతే, మా నాన్న పాత చొక్కాకి ఉన్న గుండీ తెంపి లక్కతో అంటించాను. అప్పుడు తలెత్తి చూస్తే కిటికీ ఊచలు నావి, గోడ మీద గీతలు నావి, మూలనున్న మంచినీళ్ళ కుండ నాది. బోసు రోడ్డులో మేడ మీద నేను నడిపిన ఇన్‌స్టిట్యూట్‌ని మా మేనకోడలు అంగుళం అంగుళం కట్టి దయ్యాల కొంప చేసి పెట్టింది.

ఈ ఆటలో ఆగితే చావని చెప్పాను కదా. ఎలా చావో అప్పుడు తెలిసింది. వెనక నుంచి చెప్పుల చప్పుడు వచ్చింది, టక టక టక టక అని, చాలా వేగంగా. తిరిగి చూస్తే ఓ ఆడమనిషి. తెల్లచీర, బిగించిన ముడి, ముడిలో గుచ్చిన పెన్సిలు, చేతిలో అడుగు స్కేలు. మొహం ఉండాల్సిన చోట కళ్ళజోడు అద్దాలు మాత్రమే మెరుస్తున్నాయి. స్కేలు ఒక్కసారి లేచింది. నేను చచ్చాను. నిజం చెప్పాలంటే, పొద్దున్నుంచీ అప్పుడే భయం వేసింది.

చెవుల డిప్పలు తీసి బల్ల మీద పెట్టాను. ఈపురుపాలెం అమ్మాయి గిన్నె కడుక్కొస్తానని కిందికి వెళ్ళిపోయింది. తెలివైన పిల్ల. "ఇదేంటే?" అని అడిగాను. మేనకోడలు నేల చూపులు చూస్తూ, "నిన్ను ముందే అడగాల్సింది అత్తయ్యా. అడిగితే వద్దంటావని అడగలేదు" అంది. "నేను అంత భయంకరంగా ఉండేదాన్నా?" అన్నాను. లేదు అంటుందనుకున్నాను. మర్యాదకైనా అంటారు కదా ఎవరైనా. "ఉండేదానివి" అంది.

వేసవి సెలవల్లో దాన్ని తమ్ముడు తెనాలిలో నా దగ్గర దింపి వెళ్ళేవాడు. ఏడెనిమిదేళ్ళ పిల్లని ఇంట్లో ఒక్కదాన్నీ ఉంచలేక ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్ళి, ఖాళీ మిషను ముందు కూర్చోబెట్టేదాన్ని. కూర్చోబెడితే ఊరుకున్నానా, దానికీ వేళ్ళ పాఠం మొదలుపెట్టాను. కిందికి చూస్తే స్కేలుతో కణుపుల మీద కొట్టాను. అందరినీ కొట్టినట్టే దాన్నీ కొట్టాను. నాకు గుర్తులేదు, దానికి గుర్తుంది. "సాయంత్రం అందరూ వెళ్ళాక మిషన్లకి ముసుగులు వేసేదానివి కదా, అవి మనుషులు వంగి కూర్చున్నట్టు ఉండేవి. నీ చెప్పుల చప్పుడు ఏ వరసలో ఉందో విని నేను రెండో వరసలోకి పారిపోయేదాన్ని" అంది. దాని చేతి కణుపుల వంక చూశాను. సన్నటి చేతులు, వాళ్ళమ్మవి. నాకు సిగ్గేసింది. మూడు వేల మందికి నేర్పానని ఊరంతా చెప్పుకున్నాను, ఎంతమంది చేతుల మీద కొట్టానో ఎప్పుడూ అనుకోలేదు. "మరి అంత భయమైతే ఎందుకు వచ్చేదానివే? పక్కింటి పిల్లలతో ఆడుకోమనేదాన్ని కదా" అన్నాను. "భయపడటానికే వచ్చేదాన్ని అత్తయ్యా. నువ్వు పట్టుకోకుండా నాలుగు వరసలూ దాటితే ఆ రోజు గెలిచినట్టు. అలాంటి ఆట మళ్ళీ ఎక్కడా దొరకలేదు, అందుకే చేసుకున్నాను." తరువాత గొంతు తగ్గించి, "నీకిష్టం లేకపోతే ఇది ఆపేస్తాను. ఆవిడ లేకుండా ఈ ఆట లేదు. జూన్లో కాలేజీలో చేరిపోతాను. నాన్నకి బాగాలేదని చెప్పు చాలు, ఎందుకో చెప్పొద్దు" అంది.

అదిగో, అలా మొత్తం తెచ్చి మళ్ళీ నా ఒళ్ళోనే పెట్టింది. కోపం తెచ్చుకుందామంటే దాని మొహం చూస్తే రావడం లేదు. మెచ్చుకుందామంటే అక్కడ తెల్లచీరలో కళ్ళజోడేసుకుని నిలబడ్డది నేను. ఆ సమయంలోనే తమ్ముడి ఫోను. వాడెప్పుడూ అంతే, సరిగ్గా చేతిలో ముద్ద ఉన్నప్పుడే చేస్తాడు. "ఏంటక్కయ్యా, చూశావా? ఏమంటావు?" అన్నాడు. నేను బాగుందంటే నా బొమ్మ చూసుకుని మురిసిపోయినట్టు. బాగాలేదంటే కసి తీర్చుకున్నట్టు. రెండిట్లో ఏదీ తీర్పు కాదు. "నేనేమీ అనను. నాకు ఇందులో భాగం ఉంది, నా మాట చెల్లదు. వచ్చే ఆదివారం నువ్వే వచ్చి ఆడు" అన్నాను. రానన్నాడు. ఆ పిల్ల గదికి తను వచ్చేది లేదన్నాడు. "పదిన్నరకల్లా బాపట్ల బస్టాండులో ఉండు" అని ఫోను పెట్టేశాను. మాట మధ్యలో పెట్టెయ్యడం వాడి దగ్గరే నేర్చుకున్నాను.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచీలో మామిడిపళ్ళు పెట్టుకుని, అవి కూతురికని చెప్పకుండా నా చేతికిచ్చాడు. ఇరవై రెండు మెట్లూ నేను ఎక్కేదాకా నా వెనకే ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఈ మెట్ల ఎత్తు లెక్క ప్రకారం లేదని విమర్శించాడు. గదిలోకి వెళ్ళాక కూతురు, "రా నాన్నా" అంది. వాడు నా వైపు తిరిగి, "ఎక్కడ కూర్చోవాలో అడుగు" అన్నాడు. నాకు మండిపోయింది. "నేను ఈ రోజు ఎవరి మాటా ఎవరికీ మొయ్యను" అని చెప్పి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని గోడ పక్కన కూర్చున్నాను. మేనకోడలే వెళ్ళి తండ్రి చెవులకి డిప్పలు తగిలించింది, కళ్ళజోడు కాడలు నలగకుండా సర్దింది. నాకు ఆ సర్దడం చెయ్యలేదని గమనించాను. కొత్తగా కాగితం మీద పెద్ద అక్షరాలతో మీటల బొమ్మ గీసి పెట్టింది. వాడు దాన్ని పరీక్షపేపరు చూసినట్టు చదివి, నాకంటే తొందరగానే నేర్చుకున్నాడు. ఫిజిక్సు బుర్ర కదా. ఎనిమిది చావుల్లో వరండా దాటేశాడు. నాకు కొంచెం కడుపు మండిందని ఒప్పుకుంటాను.

గదిలోకి వచ్చాక నెమ్మదించాడు. అది ఏ గదో వాడికి ఒక్క చూపులో తెలిసింది. ఇరవై ఏళ్ళప్పుడు వాడూ అక్కడే నా దగ్గర లోయరు, హయ్యరు పాసయ్యాడు. తుపాకీ పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ ఒక్కో మిషన్నీ చూసుకుంటున్నాడు, కాల్చడం మర్చిపోయాడు. ఆగాడు. టక టక టక టక అని చెప్పుల చప్పుడు డిప్పల్లోంచి బయటికి నాకు కూడా వినపడింది. తెర మీద ఆవిడ తలుపులోంచి లోపలికి వచ్చింది. మా తమ్ముడు, అరవై ఒక్కేళ్ళవాడు, ముప్పై ఏళ్ళు క్లాసుల్ని గడగడలాడించినవాడు, చటుక్కున కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. డిప్పల తీగ తగిలి ఎలక కింద పడింది. స్కేలు లేచింది, తెర ఎర్రబడింది, వాడింకా నిలబడే ఉన్నాడు. నేనేమో వాడి పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో మామిడిపళ్ళ సంచీ పట్టుకుని కూర్చుని ఉన్నాను.

ముందు ఈపురుపాలెం అమ్మాయి నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. తరువాత మేనకోడలు. వాడు డిప్పలు తీసి, ఎవరి వైపూ చూడకుండా, "నడక మరీ వేగంగా పెట్టావు. మీ అత్తయ్య అంత వేగంగా నడవదు" అన్నాడు. పది నెలల్లో కూతురితో తిన్నగా అన్న మొదటి మాట అది. "ఇప్పుడు నడవదు నాన్నా. నా చిన్నప్పుడు నడిచేది" అంది అది. వాడు ఆలోచించి తలూపాడు. "నిజమే. మా అప్పుడైతే ఇంకా వేగం. స్కేలు మాత్రం ఎడమచేతిలో ఉండాలి, కుడిచేత్తో మిషను రోలరు తిప్పేది." అది వెంటనే కాగితం మీద రాసుకుంది. నన్ను ఎవరూ అడగలేదు. నిజానికి వాడు చెప్పింది సరిగ్గానే ఉంది. అప్పుడు వాడు చొక్కా సర్దుకుని, "కాలేజీవాళ్ళకి జూన్లో చేరడం లేదని ఉత్తరం రాశావా? రాయకపోతే మర్యాద కాదు. ఈ వారంలోనే రాసెయ్యి" అన్నాడు. మా ఇంట్లో ఔనని తిన్నగా చెప్పడం ఎవరికీ చేతకాదు. మేనకోడలికి ఆ సంగతి తెలుసు. రాస్తానని తలూపింది. దాని కళ్ళల్లో నీళ్ళు చూసి వాడు కంగారుపడి, "సరే, ఇంకొక్కసారి పెట్టు. ఈసారి లేవను" అని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

పది నెలలు మధ్యలో నలిగినదాన్ని, నాకు ఎవరైనా ఓ మంచి మాట చెబుతారేమోనని చూశాను. ఇద్దరూ తెరలోకి తలలు దూర్చి ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతున్నారు. రైలు వేళవుతోందని చెప్పినా వినపడలేదు. మామిడిపళ్ళ సంచీ కుర్చీలో పెట్టి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టుకుంటూ దిగడం మొదలుపెట్టాను. సగం మెట్లు దిగేసరికి పైన డిప్పల తీగ పీకేశారు కాబోలు, ఆ చెప్పుల చప్పుడు గది నిండా మోగుతూ బయటికి వచ్చింది. అంత వేగం నాదేనా అని అక్కడే ఆగి, పూర్తయ్యేదాకా విన్నాను. కాలం మనిషిని ముసలిదాన్ని చేస్తుంది గానీ అందరి దగ్గరా ఒకేసారి చెయ్యదు. నేను ఇరవై రెండు మెట్లు దిగడానికి పది నిమిషాలు తీసుకుంటుంటే, పైన ఒకరికి ఇరవై ఏళ్ళ కిందటి నేనూ, ఇంకొకరికి నలభై ఏళ్ళ కిందటి నేనూ వరసల మధ్య ఇంకా గబగబా నడుస్తూనే ఉన్నాం.